వెనక గేట్ల నగరం

మా ఆయన తోలుతుంటే పక్కన కూర్చోవడం నాకు కొత్త. పద్దెనిమిదేళ్లు ఆయన లారీ తోలారు, పద్దెనిమిదేళ్లు నేను కుట్టుమిషను తొక్కాను. నడుం నొప్పి మొదలయ్యాక ఆయన లారీకో దండం పెట్టి, సెకండ్ హ్యాండులో ఒక చిన్న కారు కొన్నారు. "సముద్రం దాకా పోయొద్దామే, నాలుగు రోజులు. దార్లో నగరంలో ఒక పగలంతా ఆగుదాం" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు.

ఎందుకంటే ఆ నగరం నాకు కంఠతా వచ్చు. లోడు దించిన ప్రతిసారీ ఆయన అక్కడినుంచి ఫోన్ చేసేవారు. "ఏం చూశారు ఇవాళ?" అని నేను అడిగేదాన్ని. మ్యూజియమనీ, కోటనీ, గాజు వంతెననీ ఆయన చెప్పుకుపోయేవారు. చేతికందేది కొలతల పుస్తకం కాబట్టి అందులోనే రాసుకునేదాన్ని. ఒక పేజీలో ఎవరిదో నడుం చుట్టుకొలత, దాని కిందే 'కోట, బురుజులు ఏడు' అని ఉంటుంది. చదివితే కోటకి ప్యాంటు కుడుతున్నానేమో అనుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఎర్ర సిరాతో రాసుకున్నాను. అది టవరు. నేను సొంతంగా కొట్టు తెరిచిన రోజు ఆయన రాలేకపోయారు. రిబ్బను కట్టిందీ నేనే, కత్తిరించిందీ నేనే, చప్పట్లు కొట్టిందీ నేనే. ఏడుపు గొంతు దాకా వచ్చిన సమయానికి ఫోను మోగింది. "టవరు మీదున్నానే. ఊరంతా నా కాళ్ల కిందే ఉంది. నీ కొట్టు వైపే చూస్తున్నా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ రోజంతా గాల్లో తేలాను. పన్నెండేళ్లయింది. ఆ టవరెక్కి, ఆయన నిలబడ్డ చోటే నేనూ నిలబడి మా ఊరి వైపు చూడాలి. ఈ ప్రయాణంలో నాకు కావలసింది అదొక్కటే, మిగతావన్నీ కొసరు.

పొద్దున ఎనిమిదింటికి నగరంలోకి దిగాం. ఒకదాని మీద ఒకటి మూడు వంతెనలు, అద్దాల మేడలు, ఒక్కో కూడలిలో మా ఊరి జనాభా అంత జనం. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాను. ఆయనేమో దారి అడగరు, ఫోను చూడరు, చకచకా మలుపులు తిప్పేస్తున్నారు.

"కళ్లు మూసుకుని తోలమన్నా తోలతా" అన్నారు.

"వద్దులెండి, తెరిచే తోలండి. ముందు మ్యూజియం" అన్నాను. గర్వంతో నా మొహం చేటంత అయి ఉంటుంది.

రెండు సందులు దాటి ఒక ఇనప గేటు ముందు కారాపి, "ఇదిగో, వచ్చేశాం" అన్నారు.

దిగి చూశాను. ఇంతెత్తున బూడిదరంగు గోడ, వరసగా చెత్తడబ్బాలు, వెనక్కి వెనక్కి వస్తున్న ఒక లారీ. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"ఏంటన్నా, చాన్నాళ్లకి! బండేదీ? ఇవాళ లోడు లేదా?"

"లోడు కాదు తమ్ముడూ. మా ఆవిడ" అన్నారు ఈయన.

అంటే ఇవాళ్టి లోడు నేనన్నమాట. "మ్యూజియం చూడ్డానికి జనమేరీ?" అని అడిగాను.

"జనం ఇటెందుకొస్తారమ్మా? అసలు గేటు అటుపక్క. ఈ గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్లాలి" అన్నాడు వాచ్‌మన్.

గోడ పట్టుకుని నడిచాం. మలుపు తిరిగేసరికి నాకు ఊపిరి ఆగింది. పాలరంగు స్తంభాలు, మైదానమంత మెట్లు, మెట్లకి రెండువైపులా రెండు రాతి సింహాలు. "అబ్బబ్బా!" అని గట్టిగా వినబడింది. ఆ అరిచింది నేను కాదు, మా ఆయన. నోరు తెరుచుకుని సింహం దాకా నడిచి, దాని పంజా మీద చెయ్యి వేసి, "ఇంత పెద్దవా ఇవి!" అన్నారు.

"పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నారుగా? రాత్రికి రాత్రి పెరిగాయా?" అన్నాను.

ఆయన చెయ్యి తీసేశారు. మెట్టు మీద కూర్చుని, మోకాళ్లు చూసుకుంటూ చెప్పారు.

"లారీలకి ఊళ్లో తిరగడానికి లేదే. ఏ గేటు చెప్తే ఆ గేటు దగ్గర దించాలి, వచ్చిన దారినే పోవాలి. నేనెప్పుడూ ఏదీ ముందునుంచి చూళ్లేదు."

"మరి సింహాలు? ఏడు బురుజులు?"

"నేను తోలింది ఇక్కడ అమ్మే బొమ్మల కార్డులు, క్యాలెండర్లే కదా. అట్టపెట్టెల మీద బొమ్మలుండేవి. వాటిని చూసి చెప్పేవాణ్ణి. నువ్వేమో అంత సంబరంగా అడిగేదానివి. గోడ చూశానని ఎట్లా చెప్పను?"

నాకు ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు అట్టపెట్టెల్ని నా చేత పుస్తకంలో రాయించారా! ఆ మంట మీదే ఇంకొకటి గుండెల్లో గుచ్చుకుంది. మరి టవరు? ఆ ఫోనూ ఇంతేనా? నోటిదాకా వచ్చింది గానీ అడగలేకపోయాను. ఔనంటే ఏం చెయ్యను? టికెట్లు తీసుకుని విసవిసా లోపలికి నడిచాను. ఆయన నాలుగడుగుల వెనక వస్తున్నారు.

రెండో హాల్లో, అద్దాల పెట్టెలో, ఎవరో రాజుగారి కోటు ఉంది. బంగారు దారం, ముత్యాల గుండీలు. అందరూ ముత్యాలు చూస్తుంటే నేను చంకలోని కుట్టు చూశాను. అంతే, కోపం సంగతి మరిచిపోయాను.

"ఏవండీ, ఇటు రండి, త్వరగా! రాజుగారి ఎడం చెయ్యి చూడండి, ఎట్లా ముడతపడిందో! నా కొట్లో ఎవరైనా ఇట్లా కుడితే మొత్తం విప్పించేదాన్ని."

ఆయన అద్దానికి ముక్కు ఆనించి చూశారు. "పాపం, ఈ ముడతతోనే రాజ్యం ఏలాడా?" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. కాపలా ఉన్నావిడ మా వైపు గుర్రుగా చూసింది.

బయటికొచ్చి పుస్తకం తెరిచాను. "ఇవాళ నేను చదువుతాను, మీరు చూడండి. మీరు ఏదీ చూళ్లేదు కాబట్టి ఏదీ వదలడానికి వీల్లేదు" అన్నాను.

ఇక చూడండి మా పరుగు! కోటలో బురుజులు లెక్కపెట్టాం. ఎనిమిదున్నాయి. అట్టపెట్టె మడతలో ఒకటి పోయి ఉంటుందని ఆయన తేల్చారు. నదిలో పడవెక్కాం, టోపీలు కొనుక్కున్నాం. ఆయన టోపీ గాలికి ఎగిరి పక్క పడవలో పడితే, వాళ్లు దాన్ని బంతిలా విసిరిచ్చారు. కొండ మలుపుల్లో ఇరవై టన్నులు తోలిన మనిషి గాజు వంతెన మీద మాత్రం నా మోచెయ్యి వదల్లేదు. "కింద కనబడుతోందే" అంటారు. "కనబడ్డానికేగా కట్టారు" అంటాను నేను. కాళ్లు పీకుతున్నా ఇద్దరికీ ఆకలి గుర్తు రాలేదు.

టవరు దగ్గరికి చేరేసరికి సాయంత్రం అయిదు దాటింది. టికెట్లు చేతికొచ్చాయి గానీ, లిఫ్టు ముందున్న వరస టవరును రెండు చుట్లు చుట్టింది. ఒకాయన మైకులో చెప్పుకుంటూ వచ్చాడు. ఆరింటికి లిఫ్టు ఆపేస్తారట, మా దాకా వరస రాదట, రేపు రావాలట. రేపు పొద్దుటికి మేం దారిలో ఉంటాం. పొద్దుట్నుంచీ అంత గంతులేసిన దాన్ని, చంటిపిల్లలా ఏడుపు మొహం పెట్టాను.

ఆయన వరసని చూశారు, నన్ను చూశారు. "నాతో రా" అని చెయ్యి పట్టుకున్నారు.

చుట్టూ తిరిగి టవరు వెనక్కి వెళ్లాం. బూడిదరంగు గోడ, చెత్తడబ్బాలు, ఇనప గేటు. లోపల చెవి వెనక పెన్సిలు పెట్టుకున్న ఒకాయన నీళ్లసీసాల పెట్టెల్ని సామాన్ల లిఫ్టులోకి ఎక్కిస్తున్నాడు. మమ్మల్ని చూసి పెట్టె దించేశాడు.

"అన్నా! నడుం ఎట్లా ఉంది?"

"పర్లేదు. మా ఆవిడ పైకెళ్లాలి. టికెట్లున్నాయి, వరస కదలట్లేదు."

పెన్సిలాయన నా వైపు తిరిగాడు. "కొట్టు పెట్టిన వదినేనా? ఎట్లా మర్చిపోతాను! ఆ రోజు గేటు దగ్గర అందరికీ టీలు ఇప్పించాడు అన్న. మా ఆవిడ ఓనరైందిరా అని ఒకటే గోల. ఇదిగో, ఈ గోడకి ఆనుకునే మీకు ఫోన్ చేశాడు. పైకి చూస్తూ మాట్లాడాడు, కళ్ల నిండా నీళ్లు."

మా ఆయన గోడ వైపు చూస్తున్నారు. తప్పు దొరికిన మనిషి మొహం.

"టికెట్లున్నాయిగా, ఏ లిఫ్టెక్కితే ఏంటి? రా వదినా, ఆ పెట్టె మీద కూర్చో" అన్నాడు లిఫ్టాయన.

నీళ్లసీసాలతో పాటు పైకి వెళ్లాం. తలుపు తెరుచుకుంటే గాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది. నది, కోట, బంగారం పూసినట్టు మ్యూజియం, ఎంత దూరం చూసినా ఇళ్లే. మా ఆయన కమ్మీలు పట్టుకుని, రోడ్లు వెతికి, ఒక సన్నటి గీత చూపించారు. "అదే మన ఊరి రోడ్డు. నీ కొట్టు అటే." తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు అబద్ధం చెప్పానే" అన్నారు.

నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎప్పటిలాగే అడిగాను.

"ఏం చూశారు ఇవాళ?"

ఆయన మొదలుపెట్టారు. సింహాలు, రాజుగారి ముడత, ఎనిమిది బురుజులు, గాజు వంతెన. చేతులు ఊపుతూ, చిన్నపిల్లాడిలా, ఒకటి పూర్తి కాకుండానే ఇంకొకటి చెప్పుకుపోతున్నారు. ఈసారి నేను పుస్తకం తెరవలేదు. కమ్మీల మీద బాగా వంగి, కింద, చెత్తడబ్బాల పక్కన అగ్గిపెట్టెంత కనిపిస్తున్న, ఆ రోజు ఆయన ఆనుకున్న గోడనే చూస్తూ వింటున్నాను.