ఎదురు అడుగు

డాన్సు క్లాసులో ఒక్క కాలు వెనకబడినా టీచరమ్మకు ప్రాణం పోయినంత పని. పిల్లలంతా అడుగు వేస్తే ఒక్కటే చప్పుడు వినపడాలి. ఆ చప్పుడే ఇప్పుడు ఆవిడ కొంప ముంచేలా ఉంది. కింది అంతస్తులో ఉండే యజమాని ఇంట్లో గాజుగ్లాసులు గలగలలాడుతున్నాయట. సాయంత్రంలోగా అది ఆగకపోతే హాలు ఖాళీ చెయ్యాల్సిందేనని ఆయన తెగేసి చెప్పాడు.

“ఆ లావుపాటి పిల్లను మానిపించండి, అదే సర్దుకుంటుంది,” అని ఓ ఉచిత సలహా కూడా పారేశాడు. ఆ పిల్ల వినేసింది. అప్పట్నుంచి మూలన నిలబడి మునివేళ్ళ మీదే ఆడుతోంది. టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ అక్క కూతురు కట్టడాల ఇంజినీరు. కబురందగానే వచ్చి, నేలంతా పరీక్షగా చూసి, అదురును గీత గీసి చూపించే తన ఫోను కింద పెట్టింది.

“భయం లేదు పిన్నీ, నేల గట్టిదే. నెమ్మదిగా ఆడించు.”

ఫోనులో గీత కదల్లేదు. వేగంగా ఆడించినా అంతే. మామూలు లయ మొదలవగానే గీత చెంగున లేచింది. కిందనుంచి గలగల.

“దొరికింది!” అమ్మాయి ముఖం వెలిగిపోయింది. “ఈ నేల ఊగే వేగం, మీ అడుగుల వేగం ఒకటే. ఉయ్యాలను అదనుచూసి తోస్తే పసిపిల్ల కూడా పెద్దవాళ్ళను ఊపుతుంది కదా? తప్పు ఎవరి బరువుదీ కాదు. అందరూ కలిసి ఒకేసారి వెయ్యడమే.”

“అయితే లయ మార్చాలా?”

“అక్కర్లేదు. రెండు జట్లు చెయ్యి. ఒక జట్టు అడుగుకీ అడుగుకీ నడిమధ్య రెండో జట్టు అడుగు పడాలి. వీళ్ళు తోస్తే వాళ్ళు ఆపేస్తారు.”

“అలా వేసినవాళ్ళ చెవులు మెలేసినదాన్నే నేను,” అని గొణుక్కుంటూనే టీచరమ్మ పిల్లల్ని విడదీసింది.

మొదట అంతా గందరగోళం. ఆ నడిమధ్య ఎవరికీ చిక్కలేదు, మూలనున్న పిల్లకు తప్ప. టీచరమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తెచ్చి రెండో జట్టుకు ముందు నిలబెట్టింది.

“మడమ ఆనించి గట్టిగా వెయ్యి తల్లీ.”

పిల్ల వేసింది. జట్టు అందుకుంది. అడుగుకు ఎదురు అడుగు పడుతుంటే హాలంతా కొత్త ఆట లేచింది. ఇంత అందం ఇన్నాళ్ళూ చేతులారా చెరిపేసుకున్నానే అని టీచరమ్మకు కళ్ళు చెమర్చాయి. ఫోనులో గీత పడుకునే ఉంది.

అంతలో యజమాని తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“గ్లాసులు కదలకపోతే క్లాసు ఎత్తేశారనుకున్నానండీ. ఆ పిల్లను మానిపించారా?”

“అదిగో,” అంది టీచరమ్మ, “ముందు నిలబడి అందరినీ ఆడిస్తోంది.”