చేతులెత్తిన ముక్క

"ఆ ముక్క తీసెయ్యమ్మా" అన్నాడు అధికారి మూడోసారి. ఆయన గొంతులో మర్యాద అడుగంటింది.

ఆమె మౌస్ మీద చెయ్యి కదపలేదు. యుద్ధానికి ముందు పెళ్ళి వీడియోలు కత్తిరించేది. స్టూడియో మూతపడ్డాక సైన్యం పిలిచి, రెండింతల జీతమిచ్చి, ఈ ఇరుకు గదిలో కూర్చోబెట్టింది. అప్పుడు పెళ్ళికూతురు ఆవులించిన ముక్కలు తీసేసేది. ఇప్పుడు డ్రోన్లు పంపిన వీడియోల్లో మనిషి చచ్చేదాకా ఉంచి, మిగతాది తీసేస్తోంది.

వీడియో లేనిదే ఇక్కడ చావుకి కూడా విలువ లేదు. ట్యాంకుని పేలిస్తే నలభై మార్కులు, మనిషిని చంపితే ఆరు. పై ఆఫీసువాళ్ళు చూసి మార్కులేస్తారు. మార్కులు ఎక్కువొచ్చిన దళానికే కొత్త డ్రోన్లు. ఎంత సిగ్గులేని ఏర్పాటో చూడండి. పెద్ద ఫిరంగుల దళపతి, గుండెనిండా పతకాలున్న ముసలాయన, నిన్న ఈ గుమ్మంలో నిలబడి "మావైపు కూడా ఓ డ్రోన్ పంపించు బాబూ" అని ఆమె తమ్ముణ్ణి బతిమాలాడు. బడి ఎగ్గొట్టి వీడియో గేములాడి చీవాట్లు తిన్న తమ్ముడే ఇప్పుడు దళం మొత్తానికి దిక్కు.

ఆ తమ్ముడు ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. ఈ డ్రోన్ నడిపింది వాడే.

వీడియోలో బురద పొలం, అందులో ఒక్కడే శత్రు సైనికుడు. తుపాకీ దూరంగా పారేశాడు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ ఎత్తి, నెత్తిమీద తిరుగుతున్న యంత్రాన్ని చూశాడు. మీ వైపు నడిచొస్తానని సైగ చేశాడు. పాపం, మాట్లాడదామంటే అక్కడ మనిషి లేడు. బాంబు కట్టిన డ్రోన్ అతని మీదికి దూకింది. తెర తెల్లబడింది.

"లొంగిపోయినవాణ్ణి చంపడం నేరం కదా సార్?"

"అందుకే తియ్యమంటున్నా. తుపాకీ చేతిలో ఉన్నదాకా ఉంచి, పేలుడు అతికించు. పెళ్ళిళ్ళలో అతికించలేదా?"

"పెళ్ళిళ్ళలో ఎవరూ చావలేదు సార్."

ఆయన మొహం మాడిపోయింది. "మార్కులు తేలేనివాడికి ఈ గదిలో చోటు లేదు. నువ్వు కొయ్యకపోతే రేపట్నుంచి మీవాడు ముందువరస కందకంలో ఉంటాడు. ఆలోచించుకో." తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయాడు.

అమ్మ పోయాక తమ్ముణ్ణి ఆమే చంకనేసుకుని పెంచింది. వాడు కందకంలో కాక ఈ గోడల మధ్య ఉన్నాడన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ నాలుగు మెతుకులు తింటోంది. కొయ్యడం ఎంతసేపు? వేలితో రెండు నొక్కులు.

"చేతులెత్తడం నీకు కనపడలేదురా?"

"కనపడింది." వాడు నేల చూపులు చూశాడు. "అది తిరిగొచ్చే రకం డ్రోన్ కాదక్కా. ఎవరిమీదా వెయ్యకుండా పోగొడితే ఆయన నన్ను నంజుకు తింటాడు."

"దానికోసం చంపేశావా?"

"నీతులు తర్వాత చెబుదువుగాని, ముందు కొయ్యి. కందకంలో నా మీదికీ ఇలాంటిదే వస్తుంది. నేను తుపాకీ పారేసి దండం పెట్టినా ఆ నడిపేవాడు ఊరుకుంటాడా?"

"నువ్వు ఊరుకున్నావా?"

అనేశాక ఆమెకే నోరు కాలినట్టయింది. వాడు చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి తగ్గాడు.

"నువ్వసలు నా అక్కవేనా?"

"అక్కనే. రేపు నువ్వు చేతులెత్తితే ఆ ముక్క అటువైపు ఎవరూ కొయ్యకూడదురా. కొయ్యరని తెలిస్తేనే నడిపేవాడు చంపడానికి జంకుతాడు. అంతకన్నా నేనేం కోరుకోగలను?"

తలుపు తెరుచుకుంది. "అయిందా?" అన్నాడు అధికారి.

"లేదు సార్. నేను కొయ్యను."

ఆయన ఆమెను పురుగును చూసినట్టు చూసి, తమ్ముడివైపు తిరిగాడు. "నీకూ వచ్చుగా ఈ పని. ఆమెను లేపి నువ్వు కూర్చో."

ఆమె లేవలేదు. రెండు చేతులతో మౌస్‌ని కప్పేసింది. వెనకనుంచి తమ్ముడి చెయ్యి ఆమె భుజం మీద పడింది. లాగెయ్యడానికి వేశాడో, అండగా పట్టుకోవడానికి వేశాడో ఆమెకు తెలియలేదు. ఆమె మాత్రం మౌస్ వదల్లేదు.