తగ్గిందన్న కాలు

హన్నా కుడి పాదంలో నొప్పి డెబ్భై నాలుగో సంవత్సరం దసరాల్లో మొదలైంది. బయటివైపు, చిటికెనవేలికి వెనక. మొదట్లో ఆట అయ్యాక వచ్చేది. తర్వాత ఆట మధ్యలోనే వచ్చింది. క్రిస్మస్ నాటికి చర్చిలో పాటకు లేచి నిలబడినా వచ్చేది.

అప్పటికి కోస్తా జిల్లాల లీగు సగం అయింది. మా జిల్లా ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకు హన్నా కెప్టెను. బి.ఏ. ఆఖరి సంవత్సరం. ఆమె చేతికి బంతి వస్తే అవతలి జట్టులో ఇద్దరు ఆమె మీదికే వచ్చేవాళ్ళు. నేను బస్సు గ్యారేజీలో టైర్లు మార్చేవాణ్ణి. మా ఊరి బడిలో అయిదు దాకా చదివాను. ఆ ఆట రూల్సు నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియవు. నా కూతురు గాల్లోకి లేస్తే మిగతావాళ్ళకంటే ఒక క్షణం ఆలస్యంగా కిందికి దిగుతుందని మాత్రం తెలుసు.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూపించాడు. ఎముకలో వెంట్రుకంత చీలిక.

"ఆరు వారాలు కట్టు ఉంచాలి. కాలు నేల మీద మోపకూడదు. మోపితే అతకదు. అతక్కపోతే ఇక ఆట సంగతి మర్చిపోవడమే," అన్నాడు.

"ఈలోగా లీగు అయిపోతుందండీ," అంది హన్నా.

"లీగు మళ్ళీ ఏడు కూడా పెడతారమ్మా. కాలు మళ్ళీ ఎవరూ పెట్టరు."

మోకాలి దాకా పిండికట్టు వేసి పంపాడు.

ఇంట్లో ముగ్గురం. నా భార్య మణెమ్మ పోయేనాటికి హన్నా రెండో తరగతి. మణెమ్మ చెల్లెలు అమలమ్మ కొండపల్లి నుంచి వచ్చి పిల్లను పెంచింది. పెళ్ళి చేసుకోలేదు. పటమటలో మా వీధి చివర ఉన్న ప్రార్థన మందిరంలో సండేస్కూలు చెప్పేది. హన్నాకు జడలు వేసింది ఆమె. తెల్లవారకముందే ప్రాక్టీసుకు లేపింది ఆమె. నిక్కరు వేసుకుని మగరాయుడిలా ఆ గంతులేంటని వీధిలో అంటే, గుమ్మంలో నిలబడి అందరి నోళ్ళూ మూయించింది కూడా ఆమే. ఇవన్నీ నిజాలు. అయినా నేను ఆమెను క్షమించలేదు.

కట్టు వేసి మూడు వారాలు కాకముందే బ్యారేజీ కింద కృష్ణ ఇసుకలో, ప్రార్థనతో జబ్బులు నయం చేస్తామంటూ స్వస్థత కూటాలు పెట్టారు. అమలమ్మ మూడు రోజులు ఉపవాసం ఉండి, హన్నాను రిక్షా ఎక్కించి తీసుకెళ్ళింది. నాకు చెప్పలేదు. గ్యారేజీ నుంచి సైకిలు మీద వస్తూ కట్ట ఎక్కేసరికి, మైకులో నా కూతురి గొంతు వినిపించింది.

"లేదండీ. నొప్పి లేదండీ," అంటోంది.

సైకిలు అక్కడే పడేసి ఇసుకలోకి దిగాను. ఇసుకలో పరుగు సాగదు. జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి చేరేసరికి పిండికట్టు చీలిపోయి కింద పడి ఉంది. కత్తెరతో కోశారు. హన్నా వేదిక మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తోంది. జనం చప్పట్లు కొడుతున్నారు. అమలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఏడుస్తోంది. నా కూతురు నవ్వుతోంది. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంజెక్షను చేయించుకుని అట్లాగే నవ్వేది.

పిల్లకు ఆడాలని ఉంది. అమలమ్మకు పిల్ల ఆడుతుంటే చూడాలని ఉంది. ప్రసంగం చేసినాయనకు సాక్ష్యం కావాలి. ఎముక సంగతి ఎవరికీ పట్టలేదు.

మర్నాడు కోచ్ తిరుపతిరావు దగ్గరికి వెళ్ళాను. అతను బ్యాంకులో గుమస్తా. సాయంత్రాలు జీతం లేకుండా పిల్లలకు ఆట నేర్పేవాడు.

"మాష్టారూ, పిల్లను ఆటలోకి దింపొద్దండీ. డాక్టరు చెప్పిన గడువు సగం కూడా కాలేదు."

"హన్నా పొద్దున్నే వచ్చి రెండు చుట్లు పరిగెత్తింది కూడానండీ. తగ్గిపోయిందంది."

"తగ్గలేదండీ."

"మీకెట్టా తెలుసు?"

"ఎముక అంత తొందరగా అతకదు గదండీ."

అతను మెళ్ళో ఈల తాడును వేలికి చుట్టుకున్నాడు.

"జక్కయ్యగారూ, మీరేం అనుకోనంటే ఒక మాట. మీ దేవుడు బాగు చేశాడని మీ అమ్మాయే చెప్తోంది. అంతమందిలో చెప్పింది. నేనా హిందువుని. కాదు, మళ్ళీ ఎక్స్‌రే తీయించుకు రా అంటే మీవాళ్ళు ఏమనుకుంటారు? మా అమ్మ మొక్కుల సంగతి ఎవడన్నా అట్టా ఆరా తీస్తే నాకెట్టా ఉంటుంది?"

"నేనేగదండీ తీయించమంటున్నాను."

"మీరు తండ్రి. మీ భయం మీది. ఆ పిల్ల నమ్మకం ఆ పిల్లది. మధ్యలో నేనెవణ్ణండీ?"

మర్యాదస్తుడు. ఆ రోజు ఒక్క మొరటు మాట అని ఉంటే నా కూతురి కాలు దక్కేది.

ఆ శనివారం గుంటూరు జట్టుతో ఆట. ప్రార్థన మందిరంవాళ్ళు సగం మంది వచ్చి ఆటస్థలం మెట్ల మీద కూర్చున్నారు. బాస్కెట్‌బాల్ ఎప్పుడూ చూసినవాళ్ళు కాదు.

"అదేంటే, ఆ గంపకి అడుగు లేదు?" అంది శౌరమ్మ అనే ముసలావిడ.

"అడుగుంటే బంతి అందులోనే ఉండిపోదా పెద్దమ్మా?"

"ఉంటే ఏం పోయింది? మన పిల్ల వేసింది మనకే ఉండేదిగా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హన్నా బంతి వేసినప్పుడల్లా వాళ్ళు చేతులెత్తి స్తోత్రం అన్నారు.

"ఏమే, మీ రెఫరీ పైనున్నాడా?" అని గుంటూరు పిల్ల ఒకతి వెక్కిరించింది.

"ఉన్నాడు. నీ మోచేతిపోట్లు కూడా చూస్తున్నాడు, జాగర్త," అంది హన్నా.

గెలిచారు. విరామంలో మిగతా పిల్లలంతా సిమెంటు మీద కూలబడ్డారు. హన్నా కూర్చోలేదు. కూర్చుంటే, లేచేటప్పుడు కాలు సంగతి బయటపడుతుంది. నిలబడే నీళ్ళు తాగింది. ఒక్కసారీ కుంటలేదు. అంతమంది చూస్తుంటే కుంటడానికి లేదు.

తర్వాత ఆమెను మైలవరం తీసుకెళ్ళి సాక్ష్యం చెప్పించారు. నూజివీడు తీసుకెళ్ళారు. చెప్పిన ప్రతిసారీ వెనక్కి వచ్చే దారి ఇంకొంచెం మూసుకుపోయింది.

ఒక ఆదివారం అమలమ్మ మందిరంలో ఉండగా, పెరట్లో దడి వెనక హన్నా బేసినులో వేడి ఉప్పునీళ్ళు పోసుకుని కాలు పెట్టుకుని ఉండటం చూశాను.

"నొప్పి ఉందా?"

"లేదు నాన్నా."

"ఉప్పునీళ్ళెందుకు మరి?"

కాలిని నీళ్ళలోకి ఇంకొంచెం దించుకుంది.

"ఎప్పట్నుంచి?"

"అసలు పోయిందెప్పుడు గనక?" అంది. "వాళ్ళు అడిగినప్పుడు ఒక్క నిమిషం నిజంగానే లేదనిపించింది నాన్నా. లేదన్నాను. నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ వచ్చింది."

"అక్కడే చెప్పాల్సింది."

"పిన్ని ఏడుస్తోంది. నువ్వూ చూశావుగా."

"ఇప్పుడు చెప్పు. పోనీ నేను చెప్తాను."

"నువ్వు చెబితే నేను కాదంటాను." కాలు బయటికి తీసి ఓణీ చెంగుతో తుడుచుకుంది. పాదం బయటివైపు ఉబ్బి ఉంది. "పిన్నికి ఈ జన్మలో జరిగిన మేలేదన్నా ఉందంటే ఇదొక్కటే. అది కూడా అబద్ధమని ఎట్లా చెప్పను? ఇంకో మూడు ఆటలున్నాయి, అంతే. అవి అయ్యాక నూతి దగ్గర జారిపడ్డానంటాను. కొత్త దెబ్బ అంటాను. అప్పుడు కట్టు వేయించు, కదలకుండా పడుంటాను."

"అప్పటిదాకా ఎముక ఆగుతుందా?"

"ఆగాలి మరి," అంది.

నేను ఆగలేదు. ఆ మధ్యాహ్నమే అమలమ్మతో చెప్పాను.

"సైతాను పాత నొప్పిని గుర్తు చేస్తాడు బావా. దానికి చెవి ఇవ్వకూడదు," అంది ఆమె. "అయినా అదేమన్నా చెప్పిందా నీతో?"

హన్నా అన్నం కంచం పట్టుకుని గుమ్మంలో ఉంది. "లేదు పిన్నీ. నాన్నకు ఊరికే భయం," అంది. నా కళ్ళలోకి చూస్తూనే అంది.

రెండు ఆటలు గడిచాయి. మూడోది ఏలూరు జట్టుతో. రెండో సగంలో బోర్డు మీంచి తిరిగొచ్చిన బంతి కోసం హన్నా గాల్లోకి లేచింది. ఎవరూ తగల్లేదు. ఎవరూ తొయ్యలేదు. దిగింది. దిగినచోటే కూర్చుండిపోయింది. అరవలేదు. బంతిని రెండు చేతులతో గుండెకు పట్టుకుంది. రెఫరీ ఇమ్మని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. తిరుపతిరావు పరుగెత్తుకొచ్చి షూ విప్పబోయాడు.

"ఇక్కడ వద్దండీ, అందరూ చూస్తారు," అంది.

ఆసుపత్రిలో అదే డాక్టరు. ఈసారి ఫిల్ము మాకు చూపించలేదు. ఎవరు తీయమన్నారు కట్టు అని కూడా అడగలేదు. ఆపరేషను చేసి ముక్కలు కలిపారు. "నడుస్తుంది," అన్నాడు నాతో బయటికొచ్చి. అంతకుమించి నేను అడగలేదు.

మందిరంలో మాట మారింది. దేవుడు చేసింది నిజమే, పిల్ల నిలబెట్టుకోలేకపోయింది, లోపల ఏదో పాపం దాచి ఉంటుంది అన్నారు. శౌరమ్మ ఒక్కతే వచ్చి, నాలుగు అరటిపళ్ళు మంచం మీద పెట్టి, ఆ పాదాన్ని దుప్పటి మీంచే ఒకసారి నిమిరి వెళ్ళిపోయింది.

అమలమ్మ మంచం పక్కన కూర్చుంది. రెండు రోజులుగా తిండి లేదు ఆమెకు.

"ఏం దాచావమ్మా? నాతో చెప్పు. ఒప్పుకుంటే భారం పోతుంది," అంది.

ఇప్పుడైనా చెబుతుందనుకున్నాను. మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను.

"అవును పిన్నీ," అంది హన్నా. "నాకు విశ్వాసం చాల్లేదు. తప్పు నాదే."

అమలమ్మ ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఆ మొహంలో దిగులు తీరిపోవడం నేను చూశాను. నా కూతురి మొహంలోనూ చూశాను. ఇంటికి వెళ్ళి అమలమ్మ పెట్టె తెచ్చి ఆసుపత్రి వరండాలో పెట్టి, కొండపల్లి పొమ్మన్నాను.

"నేనేం చేశాను బావా?" అంది.

నిజంగానే తెలియక అడిగింది. చెప్పొచ్చు. చెబితే హన్నా కాదంటుంది. పొమ్మని మళ్ళీ అన్నాను.

ఎండాకాలంలో హన్నా పరీక్షలు రాసింది. పాదం కొంచెం లోపలికి తిరిగి అతికింది. ఒకరోజు అన్నాల దగ్గర, "పిన్నిని తీసుకురానా నాన్నా?" అంది.

"వద్దు."

"అక్కడ ఒక్కతే ఉంది."

నేను కూడా ఒక్కణ్ణే అవుతాను గదా అని అడగలేదు. అడిగితే ఉండిపోయేదేమో. మజ్జిగ పోసుకుని తినడం పూర్తిచేశాను.

"అయితే నేనే వెళ్తాను," అంది.

బస్టాండులో కొండపల్లి బస్సు కండక్టరు హనుమయ్య. గ్యారేజీలో నన్ను ఎరిగినవాడే.

"ఏంటమ్మా, ఈ మధ్య పేపర్లో అస్సలు కనపట్టంలేదు?" అన్నాడు.

"ఆట మానేశానండీ."

"అదేంటి? కాలు మీ దేవుడు బాగు చేశాడని ఊరంతా చెప్పుకున్నారే. తగ్గలేదా ఏంటి?"

హన్నా నావైపు చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. వెనక జనం తొందరపెడుతున్నారు.

"తగ్గిందండీ," అంది.

ముందు ఎడమకాలు మెట్టు మీద పెట్టి, కడ్డీ పట్టుకుని, కుడికాలిని పైకి లాక్కుని బస్సెక్కింది.