ఫ్రీజరు గోల

సెలవలయ్యాక ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే చెప్పు జర్రున జారింది. పడబోయి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుంది కప్పలమ్మాయి. నేలంతా నీళ్ళు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయా అని చూసింది. మూలనున్న పెద్ద ఫ్రీజరు కిందినుంచి.

సున్నాకి ఎనభై డిగ్రీల కింద ఉండాల్సిన ఫ్రీజరది. తలుపు తీస్తే చలి పొగలు కక్కాలి. ఇప్పుడు లోపల ఉక్కగా ఉంది. పెట్టెల్లోని చిన్న చిన్న గొట్టాల్లో కప్పల కాలేయం ముక్కలు ఎర్రటి నీళ్ళలో తేలుతున్నాయి.

రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు కలిసే కాలవలో మోకాళ్ళదాకా దిగి, మూడు వానాకాలాల పాటు ఆమె పట్టిన కప్పలవి. ఆ నీళ్ళు వాటి ఒంట్లో ఏం చేస్తున్నాయో తేల్చడమే ఆమె పీహెచ్‌డీ. గట్టు మీద బట్టలుతుక్కునే ఆడవాళ్ళే ఆమెకా పేరు పెట్టారు. "ఏమ్మా కప్పలమ్మాయ్, ఇంతకీ ఈ నీళ్ళు మంచివేనా, కాదా?" అని కనబడ్డప్పుడల్లా అడిగేవాళ్ళు. "తేలాక చెప్తా పిన్నీ" అనేది. ఇంటి దగ్గర గోల వేరే. ఎదురింటావిడకి జలుబు చేస్తే చాలు, "డాక్టరమ్మా, ఏం మాత్ర వేసుకోను?" అని తయారు. స్టైపెండు ఆగిపోయి ఏడాదైంది. ఇదిగో అయిపోవచ్చింది, అదిగో అయిపోవచ్చింది అని అమ్మకి చెబుతూనే ఉంది. ఈసారి నిజంగానే అయిపోవచ్చింది. ఈ ముక్కల్లోంచి, ఆ నీళ్ళ ప్రభావమేమిటో చెప్పే ఆర్‌ఎన్‌ఏ తీసి మిషనెక్కిస్తే చివరి అధ్యాయం రాసుకోవచ్చు. కరిగితే మాత్రం ఆ ఆర్‌ఎన్‌ఏ తుక్కుతుక్కు. ఇక దేనికీ పనికిరాదు.

అప్పుడే వచ్చిన సీనియర్ అక్క గుమ్మంలో నోరు తెరుచుకు నిలబడింది.

"అలారం ఎందుకు మోగలేదక్కా?"

అక్క ఫ్రీజరు పక్కనున్న మీట వైపు చూసింది. "సెలవలకి ముందు మోగిందే. సారు ఫోన్లో ఉన్నారు, ఆ గోల ఆపమన్నారు. నేనే నొక్కా. మళ్ళీ వేద్దామనుకుని మర్చిపోయానే."

"తలుపు రబ్బరు ఊడిపోతోందని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! ముందు పేపరు, తర్వాత రబ్బరు అన్నారుగా మహానుభావుడు!"

"మెల్లగా! వింటారు."

"విననీ."

విన్నారు. గైడు సారు ప్యాంటు కాస్త పైకి లాక్కుని, నీళ్ళు తొక్కకుండా లోపలికొచ్చి ఫ్రీజరులోకి తొంగిచూశారు. ఆ ల్యాబ్‌లో ఒక ఆచారముంది: పని ఫలిస్తే సారు బుర్ర, ఫలించకపోతే పిల్లల చెయ్యి.

"చూసుకోవద్దూ? నీ శాంపిల్సే కదా" అన్నారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. సమాధానం చెప్పేలోపే ఆయన ఆగమన్నట్టు చెయ్యెత్తారు.

"సరే, అయిందేదో అయింది. పక్క ల్యాబ్ ఫ్రీజరులో పెట్టెయ్. మళ్ళీ గట్టిపడతాయి. చూస్తే ఎవరికి తెలుస్తుంది? మిషన్ ఏవో అంకెలిస్తుంది, మనకి కావలసినవి ఏరుకుందాం. ఆ నీళ్ళతో ప్రమాదమేమీ లేదని మొన్న ఫ్యాక్టరీ వాళ్ళ మీటింగులో చెప్పేశాను కూడా. ఈ నెల్లోనే నీ థీసిస్ మీద సంతకం పెట్టేస్తా."

సంతకం! ఆ మాట కోసం ఆయన గది బయట ఎన్ని పూటలు కాళ్ళు పీక్కుపోయేలా నిలబడిందో. అక్క అప్పటికే ఒక పెట్టె చేతిలోకి తీసుకుంది. "పెట్టేద్దామే" అని గొణిగింది. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ముందిక్కణ్ణుంచి బయటపడు."

కప్పలమ్మాయి రెండో పెట్టె తీసింది. 'మంచివే పిన్నీ, తాగండి' అని మనసులో అని చూసుకుంది. మనసులో కూడా ఆ మాట పెగల్లేదు.

"ఇవి కరిగిపోయాయని రాస్తాను సార్. మళ్ళీ కప్పలు పట్టుకొస్తాను."

"ఇంకో మూడేళ్ళా? మతుండే మాట్లాడుతున్నావా? నీకసలు సంతకం కావాలా, వద్దా?"

"కావాలి సార్. కావాలనేగా ఇన్నేళ్ళూ ఇక్కడ పడున్నాను!" ఏడుపొచ్చింది, ఏడుస్తున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది. "వీటి మీద మాత్రం వద్దు."

ఫ్రీజరు పక్కకి చెయ్యి పోనిచ్చి అలారం మీట వేసింది. లోపల ఇంకా ఉక్కే కదా, అది ఒక్కసారిగా కుయ్యోమని అందుకుంది. వరండాలో తలుపులు తెరుచుకున్నాయి. "ఏమైంది? ఏమైందండీ?" అంటూ పక్క ల్యాబుల వాళ్ళు గుమ్మంలోకి వచ్చేశారు.

"ఆపు! ముందా గోల ఆపు!"

"ఆపను సార్."

మార్కర్ తీసి పెట్టె మూత మీద 'కరిగినవి' అని రాయబోయింది. తడికి సిరా అంటలేదు. కోటు అంచుతో తుడిచి మళ్ళీ రాసింది. ఈసారి అంటుకుంది. తర్వాత అక్క చేతిలోని పెట్టె కోసం చెయ్యి చాచింది.

అక్క సారు వంక చూసింది. పెట్టె వంక చూసింది. ఫ్రీజరు అరుస్తూనే ఉంది.