ఏడో నంబరు గొట్టం

ఏడో నంబరు మా తమ్ముడు. పధ్నాలుగు రోజులు మాంసం, గుడ్లు తప్ప ఏమీ తినకపోతే పేగుల్లోని సూక్ష్మజీవులు ఏమవుతాయో చూడడం మా ల్యాబు పని. పన్నెండు మందిలో ఒకరు తక్కువైతే వాణ్ణి నేనే చేర్పించాను. కూరముక్కలు ఏరి కంచం అంచున పెట్టే వెధవకి ఇంతకంటే తేలికైన పని దొరకదని ఎగతాళి చేశాను కూడా.

నాలుగో రోజుకే వాడికి మొహం మొత్తింది.

"ఒక్క అరటిపండు తింటానక్కా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. నోరు కట్టుకో."

పదో రోజు పొద్దున మలం నమూనా డబ్బా నా బల్లమీద పెట్టి వెళ్లాడు. రెండో మలుపులో లారీ గుద్దింది.

నాకు ఏడుపు రాలేదు. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఆఖరిసారి వాడేం తిన్నాడని అమ్మ అడిగితే మాంసమేనని చెప్పాను. అడిగిన పండు పెట్టకుండా పంపించానన్నది ఒక్కటే గుండెలో రాయిలా ఉండిపోయింది. ఇంకేమీ తెలియలేదు.

రెండు వారాలకు మళ్లీ పనిలో చేరాను. మధ్యలో తప్పుకున్నవాళ్ల నమూనాలు పారేయడం మా నియమం. మా ల్యాబు నడిపే డాక్టరమ్మ రిజిస్టరులో ఏడో నంబరు కొట్టేసి, కారణం దగ్గర "మరణం" అని రాసింది. వాడి నమూనాలున్న గొట్టాలు తనే పారేస్తానంది. ఒక్కసారి పరీక్ష చేసి నేనే పారేస్తానన్నాను. ఆవిడ అడ్డు చెప్పలేదు.

మాంసం మీదే బతికితే పీచు తినే జీవులు నాలుగు రోజుల్లో తగ్గుముఖం పడతాయి, పైత్యరసాన్ని తట్టుకునేవి పెరుగుతాయి. మిగతా పదకొండు మందిలోనూ అదే జరిగింది. ఏడో నంబరు మొదటి రోజు ఫలితాన్నీ పదో రోజు ఫలితాన్నీ పక్కపక్కన పెట్టుకున్నాను. చెప్పుకోదగ్గ తేడా లేదు. గొట్టాలు తారుమారయ్యాయేమోనని మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

ఒక్క పండుతో ఇలా రాదు. పది రోజులూ శుభ్రంగా అన్నీ తిన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా ఇంటిదొంగను వాడి పేగులే పట్టిచ్చాయి.

డాక్టరమ్మ రాసింది కొట్టేసి, "నియమం పాటించలేదు" అని రాశాను. గొట్టాలు పారేసి, చేతులు కడుక్కుని, అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, వాడు నా మాట వినలేదు. అన్నీ తిన్నాడు."

అమ్మ ఏమందో వినపడలేదు. అప్పటికే నాకు ఏడుపొచ్చేసింది.