అన్నికెరిస్‌కు మిగిలిన నాలుగు ముక్కలు

పెళ్లయి రెండు నెలలు కాకముందే మామయ్యగారి వ్యాసంలో తప్పు పట్టాల్సి వచ్చింది.

నేను విజ్ఞాన సర్వస్వం వేసే సంస్థలో పనిచేస్తాను. వచ్చిన వ్యాసాల్లో తేదీలు, పేర్లు, సంగతులు సరిచూడటం నా పని. మామయ్యగారు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నేను ఆ ఇంటి కోడలిని కాకముందు నుంచీ మా సంస్థకు గ్రీకు తత్వవేత్తల వ్యాసాలు ఆయనే రాస్తున్నారు. ఆ వారం నా బల్ల మీదికి వచ్చింది అన్నికెరిస్. పెద్దగా ఎవరికీ తెలియని మనిషి. ఆయన రాసిందేదీ మిగల్లేదు. ఐదు వందల ఏళ్ల తర్వాత ఎవరెవరో ఆయన గురించి చెప్పిన నాలుగు ముక్కలే మనకు ఆధారం.

వ్యాసంలో ముప్పావు వంతు ఒకటే కథ. ప్లేటోను బానిసగా అమ్మకానికి పెడితే అన్నికెరిస్ కొని విడిపించాడని. మామయ్యగారు క్లాసులో ఏళ్ల తరబడి చెప్పిన కథ అది. మా ఆయన అది వింటూనే పెరిగాడు. మా ఆయన అని రాయడం నాకింకా కొత్త. అవసరం లేకపోయినా రాస్తుంటాను.

చిక్కేమిటంటే, ప్లేటోను అమ్మిన నాటికి ఈ అన్నికెరిస్ పుట్టనే లేదు. ఈయన గురువుల వరస చూస్తే మధ్యలో రెండు మూడు తరాల తేడా ఉంది. విడిపించినవాడు అదే పేరున్న ఇంకో పాతకాలపు మనిషనీ, ఈ కథను రాసిపెట్టిన పాత రచయితే ఇద్దరినీ కలిపేశాడనీ పండితులు అంటున్నారు.

మా సంపాదకుడికి చెబితే గడ్డం గోక్కున్నాడు. "ఆ కథ తీసేస్తే ఇంకేముందమ్మా ఇందులో? శుక్రవారం పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోతాయి. ఈలోగా తిరగరాయించు, లేదా వ్యాసమే ఎత్తేద్దాం."

ఇంటికి వెళ్తూ స్కూటరు మీద మా ఆయనతో చెప్పాను. "నన్ను మధ్యలోకి లాగకు. ఆ కథ ఆయన మంగలి షాపులో కూడా చెప్పాడు. సగం గడ్డంతో," అన్నాడు. నవ్వుతుంటే అతని వీపు కదలడం బాగుంది. కాసేపు భయం మర్చిపోయాను.

వంటింటి బల్ల దగ్గర అత్తయ్య బఠాణీలు ఒలుస్తున్నారు. మామయ్యగారు పేపరు చూస్తున్నారు.

"మామయ్యగారూ, అన్నికెరిస్‌లు ఇద్దరు ఉన్నారట."

"రెండోవాడు ఎప్పుడు పుట్టాడు? నిన్నా?"

కాలాల లెక్క చెప్పాను. ఆయన పేపరు మడిచారు.

"అంటే ఇన్నేళ్లూ నేను పిల్లలకు అబద్ధం చెప్పానంటావు."

"మీరు చదివిన పుస్తకంలో అలాగే ఉంది కదా. తప్పు ఆ పుస్తకం రాసినాయనది."

"అయితే నా పేరు తీసేసి మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి," అని లేచి గదిలోకి వెళ్లిపోయారు.

"బాధపడకే," అన్నారు అత్తయ్య. "ఒకరి కథ ఇంకొకరికి తగిలించడం ఆయనకు అలవాటే. పెళ్లయిన కొత్తలో నేను రైల్వే స్టేషన్లో తప్పిపోయానని అందరికీ చెప్తారు. తప్పిపోయింది మా చెల్లెలు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు నేనే తప్పిపోయాననుకుంటున్నాను."

మర్నాడంతా ఆయన నాతో మాట్లాడలేదు. "ఇవాళ ఏం వారమో మీ కోడల్ని అడుగు. ఆధారాలతో సహా చెప్తుంది," అని అత్తయ్యతో అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ఇల్లు నాకు నచ్చింది. అందులో ఒకరు నాతో మాట్లాడకపోతే ఎలా?

సాయంత్రం ఆ నాలుగు ముక్కలూ తెచ్చి, గిన్నెలు తుడుస్తున్న అత్తయ్యకు చదివి వినిపించాను. బతుకు మొత్తానికీ కలిపి ఒక గమ్యం అంటూ లేదట. ఏ పని చేస్తే ఆ పనిలోంచి వచ్చే సంతోషమే దాని గమ్యమట.

"గిన్నెలు తుడవడానికి కూడానా?"

"దానికీనట."

"అయితే వచ్చి తుడవమను."

తర్వాతి ముక్క చదివాను. "నొప్పి లేకపోవడమే సుఖమని ఎపిక్యూరస్ అనే ఇంకో తత్వవేత్త అంటే, అది శవానికి కూడా ఉంటుంది కదా అన్నాడట అన్నికెరిస్."

అత్తయ్య గరిటె పట్టుకుని పగలబడి నవ్వారు. పక్క గదిలోంచి గొంతు వినిపించింది.

"ఆ మాట అన్నది ఆయన కాదు. ఆయన శిష్యులు. సరిగ్గా చదువు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయనే గుమ్మం దాకా వచ్చారు. ఒకరిది ఇంకొకరికి అంటగట్టొద్దన్న ఆ మాట తనకూ తగిలిందని అప్పుడే తోచినట్టుంది, కళ్లజోడు తీసి చొక్కా అంచుకు తుడుచుకున్నారు. చెయ్యి చాపితే కాగితాలు ఇచ్చాను. నిలబడే చదివారు. స్నేహితుడిని అవసరం కోసమే దగ్గరికి తీయకూడదనీ, అతని మీద ప్రేమతో కష్టాలు కూడా ఇష్టంగానే పడతామనీ ఉన్న చోట ఆగారు.

"ఇంత మంచి మాట. దీన్ని నేను చివరి పేరాలో అర ముక్కలో సరిపెట్టేశాను," అన్నారు.

"ఆ కథే చోటంతా తినేసింది మామయ్యగారూ."

శుక్రవారం పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే వచ్చి కొత్త వ్యాసం చేతిలో పెట్టారు. పాతదాంట్లో సగం కూడా లేదు. పైన ఆయన పేరుంది. ప్లేటో కథ ఈయనది కాదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. దాని కిందే ఇంకో వాక్యం ఉంది: స్నేహితుడి కోసం కష్టపడతానన్న మనిషి గనకే లోకం ఆ కథను ఈయనకు అంటగట్టింది.

ఊరుకుంటే అందరం సుఖంగా ఉంటాం.

"మామయ్యగారూ, ఇది మీ ఊహ కదా. ఇలా ఎవరూ చెప్పలేదు."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

"'కావచ్చు' అని చేరిస్తే?"

"చేరిస్తే సరిపోతుంది."

"'అంటగట్టి ఉండవచ్చు' అంటే?"

"అది ఇంకా బాగుంది."

వీధిలో మా ఆయన స్కూటరు హారన్ కొడుతున్నాడు.

"కాసేపు ఆగమను వాణ్ణి," అంటూ మామయ్యగారు కాగితం గోడకు ఆనించి దిద్దడం మొదలుపెట్టారు. "శిష్యుల సంగతి కూడా ఒకసారి చూడు. నేనక్కడ ఏం తప్పు రాశానో."