వంటింటి తలుపుకి ఆనిన గది

పొద్దున్నే కండక్టరమ్మ చేసే మొదటి పని గదిని వెతుక్కోవడం. సాయంత్రం పాలబూత్ పక్కన తాళం వేసి వెళ్ళిన గది, తెల్లారేసరికి ఒక్కోసారి చెప్పులు కుట్టేవాడి ఎదురుగా ఉంటుంది, ఒక్కోసారి గ్యారేజీ గోడని ఆనుకుని ఉంటుంది. ఇటుక గోడలు, రేకుల కప్పు, ఒక కిటికీ. దానికి ఎక్కడ ఉండాలనిపిస్తే అక్కడికి నడిచి వెళ్తుంది. వీధిలో ఎవరికీ ఆ నడకతో పేచీ లేదు. "ఇవాళ నా బండికి అడ్డంగా నిలబడిందమ్మా, కాస్త చెప్పకూడదూ" అని ఆటోవాడు విసుక్కోవడం తప్ప.

తలుపు మీద ఎర్ర రంగుతో ఆమే రాసింది: "ఇక్కడ హెచ్ఐవీ పరీక్ష చేస్తాం. ఎవరి సంగతీ బయటికి పోదు."

సిటీ బస్సులో పనిచేసి వచ్చిన గొంతు ఆమెది. మైకుతో పనిలేదు. "సిగ్గు దిగాలి, మనుషులు ఎక్కాలి! లోపలికి జరగండి, లోపలికి!" అని కేకేస్తే జనం నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. వేలి కొసన చిన్న పోటు, ఒక చుక్క రక్తం, ఫలితం వచ్చేదాకా కాసేపు కూర్చోవడం. ఆ కాసేపట్లోనే చెప్పాల్సింది చెప్పేసేది.

"కలిసి తింటే రాదు, కౌగిలించుకుంటే రాదు. కండోమ్ లేకుండా పడుకుంటే వస్తుంది, ఇంకొకరు వాడిన సూది వాడితే వస్తుంది, తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. రోజూ మాత్ర వేసుకుంటే ఒంట్లో అణిగి పడి ఉంటుంది. నమ్మకం లేదా? నన్ను చూడు. మా ఆయన పోతూ పోతూ నాకు వదిలిన ఆస్తి ఇదొక్కటే. మాత్రలు మింగుతున్నా, దుక్కలా ఉన్నా."

ఆ గది పేరెత్తితే మండిపడేది ఒక్కడే. ఫర్నిచర్ షాపు యజమాని, వీధి సంఘానికి ప్రెసిడెంటు.

"మర్యాదస్థులుండే వీధి ఇది. ఆ గదిని పీకించేస్తా!"

"జబ్బు మర్యాద చూసుకుని రాదు బాబూ" అనేది కండక్టరమ్మ.

నిజానికి అతని మీద ఆమెకి కోపం కన్నా గుబులెక్కువ. పెద్దాసుపత్రిలో పరీక్ష గది బయట, ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని అతను వెక్కి వెక్కి ఏడవడం ఆమె కళ్ళారా చూసింది. ఆ తర్వాత మందులిచ్చే కిటికీ దగ్గర ఒక్కసారీ కనబడలేదు. ఇంట్లో చూస్తే భార్య కడుపుతో ఉంది. తెలిసిన నర్సెవరో ఇంటికే వచ్చి నాడి పట్టి వెళ్ళేది. భార్యని గడప దాటనిచ్చేవాడు కాదు.

ఉండబట్టలేక ఓ మధ్యాహ్నం షాపుకి వెళ్ళింది.

"నాకెవరూ ఏమీ చెప్పలేదు బాబూ, నేనెవరికీ ఏమీ చెప్పను. కడుపుతో ఉన్న ఆ పిల్లని మాత్రం పరీక్షకి పంపు. ఇప్పుడు తెలిస్తే బిడ్డని కాపాడుకోవచ్చు."

అతను గల్లాపెట్టె ధడాల్న మూశాడు. "మా ఇంటి ఛాయలకొస్తే కాళ్ళు విరగ్గొడతా!"

తలుపు మీద తను రాసిన మాటే ఆమె నోటికి తాళమైంది. భర్త సంగతి ఆ పిల్లకి చెప్పేస్తే వీధిలో ఇంకెవరూ గదిని నమ్మరు. చెప్పకపోతే బిడ్డ? ఆ సాయంత్రం ప్రెసిడెంటు ఇంటి ముందు నిలబడి బస్సు గొంతు విప్పింది. "కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ పరీక్ష చేయించుకోవాలి! పూరింట్లో ఉన్నా, మేడలో ఉన్నా!" పైన కిటికీలు టపటపా మూసుకున్నాయి.

మర్నాడు గది ఎక్కడా కనబడలేదు. ఊరంతా తిరిగినంత పనయ్యాక దొరికింది. ప్రెసిడెంటు ఇంటి వెనక ఇరుకు సందులో దూరి, వాళ్ళ వంటింటి తలుపుకి తన తలుపు ఆనించి నిలబడింది. తాళాన్ని దారిలోనే రాల్చేసుకుంది. ఇక చేసేది లేక కండక్టరమ్మ చీర బిగించి, కిటికీలోంచి లోపలికి దూరి, గది తలుపు తీసి కూర్చుంది.

కాసేపటికి వంటింటి తలుపు తెరుచుకుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయడానికి వచ్చిన ఆ పిల్ల, ఎదురుగా కుర్చీని చూసి బకెట్ కింద పెట్టింది.

"మీ కేక రోజూ వింటున్నానక్కా. గడప దాటొద్దన్నారు. ఇది దాటినట్టా?"

"రెండు గడపలూ ఒకటైపోయాయమ్మా. దాటడానికేముంది? చేయించుకోవాలని నీకుంటేనే రా."

ఆ పిల్ల వచ్చి కూర్చుని వేలు చాపింది. కాసేపటికి పరీక్ష పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి, జబ్బు ఉన్నట్టు.

"పెద్దాసుపత్రిలో ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు" అంది కండక్టరమ్మ, ఆ చెయ్యి వదలకుండా.

"బిడ్డకి?"

"మందు వెంటనే మొదలుపెడితే రాకుండా చూసుకోవచ్చు. నిజంగా చూసుకోవచ్చు."

అప్పటికే సందులో గోల. ప్రెసిడెంటు గునపాలతో మనుషుల్ని వెంటేసుకొచ్చి గదిని పెకలించమంటున్నాడు. గదిలోంచి ఒక్క ఇటుకా ఊడలేదు గానీ, గదే వంటింటి తలుపు నుంచి కాస్త పక్కకి జరిగింది. ఆ ఖాళీలోంచి అతని భార్య బయటికొచ్చింది. ఆమె వేలికి అంటుకున్న దూది చూసి అతను తన చేతిలోని గునపం వదిలేశాడు.

భర్త దగ్గరికెళ్ళి, అతనికి మాత్రమే వినబడేలా అడిగింది. "నీకు తెలుసు కదూ?"

పెళ్ళయ్యాక మొదటిసారి అతన్ని నువ్వు అంది. ఆమె జనం వైపు తిరిగింది.

"నాకు హెచ్ఐవీ ఉందని తేలింది. నేనేం తప్పు చెయ్యలేదు, దాక్కోను. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తున్నా. ఈ గది మీద గునపం వెయ్యాలంటే ముందు నా మీద వెయ్యండి. నాతో వచ్చేవాళ్ళు రండి, లేదంటే దారి వదలండి."

దారి వదిలారు. వీధి చివరిదాకా ఆమె వెనక్కి చూడలేదు. కండక్టరమ్మ ఆమె పక్కన నడిచింది. ప్రెసిడెంటు చెప్పులైనా లేకుండా వెనకాలే పరిగెత్తాడు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే మందు పట్టారు, చెప్పినప్పుడల్లా పరీక్షకి తీసుకెళ్ళారు. పిల్ల తప్పటడుగులు మాని పరుగులు మొదలెట్టాక ఆఖరి పరీక్ష అయింది. ఆ ఫలితం పట్టుకుని కండక్టరమ్మ నడివీధిలో నిలబడి తల్లినడిగింది. "చెప్పమంటావా?"

"గట్టిగా చెప్పక్కా."

"నాది కూడా కలిపి చెప్పమ్మా" అన్నాడు తండ్రి.

కండక్టరమ్మ మళ్ళీ బస్సు గొంతు విప్పింది.

"నాకుంది! వీళ్ళమ్మకుంది, వీళ్ళ నాన్నకుంది! ఈ పిల్లకి లేదు!"